‘తినను’ వేరు, ‘తినలేదు’ వేరు: పరాయి దేశంలో కొత్త తిండిని ఎలా మొదలుపెట్టాలి

మా మేనకోడలు చదువుకోవడానికి జర్మనీ వెళుతోంది. మొన్న విశాఖ పెదవాల్తేరులో అన్నయ్య వాళ్లింటికి వెళితే హాలు మధ్యలో సూట్‌కేసు, పక్కన బరువు చూసే మిషను. లోపల ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, ఎండురొయ్యలు, రెండు డబ్బాల మాడుగుల హల్వా. బట్టలకు చోటు మిగల్లేదు. “అత్తా, ఇవి అయిపోయాక అక్కడ నేనేం తినాలి?” అని అడిగింది పిల్ల.

ఓడల డిజైను పని మీద నేను సింగపూర్‌లో రెండేళ్లు, జపాన్‌లోని ఒసాకాలో నాలుగేళ్లు ఉన్నాను. మొదటి ఆరు నెలలు ఆ పిల్లలాగే సూట్‌కేసు మీద బతికాను. ఆ ఆరు నెలలను తలుచుకుంటే ఇప్పటికీ నష్టపోయాననే అనిపిస్తుంది. అందుకే ఆ రోజు కూర్చోబెట్టి చెప్పినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. వెళ్లేది జర్మనీ అయినా జపాన్ అయినా పద్ధతి ఒకటే.

మొదటి పని: కాగితం మీద రెండు గళ్లు

కాగితం మధ్యలో గీత గీయండి. ఒకవైపు ‘తినను’ అనీ, రెండోవైపు ‘ఎప్పుడూ తినలేదు’ అనీ రాయండి. మనవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. పుట్టగొడుగులు వడ్డించబోతే “మేం తినమండీ” అంటారు. ఎందుకని అడిగితే కారణం ఉండదు, వాళ్లింట్లో ఎప్పుడూ వండలేదు, అంతే.

‘తినను’ గడిలోకి మతం, ఆచారం, మనస్సాక్షి, ఒంటికి పడకపోవడం, ఈ నాలుగు కారణాలున్నవే రావాలి. గొడ్డుమాంసం, పందిమాంసం, హలాల్ కాని మాంసం, అసలు మాంసమే, వేరుశనగ, ఏదైనా సరే. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు, ఎవరో నవ్వారని అక్కడికి వెళ్లాక మార్చుకోనూ అక్కరలేదు. ఈ గడిని కడుపు నిండా భోంచేశాక, తీరిగ్గా ఇంట్లోనే రాయండి. ఆకలి మీద రాస్తే చిన్నదవుతుంది, భయం మీద రాస్తే పెద్దదవుతుంది. జర్మనీలో పచ్చి పందిమాంసం కైమాను రొట్టె మీద పరిచి, ఉల్లిపాయ ముక్కలతో తింటారు. దాన్ని ‘మెట్’ అంటారని చెప్పగానే మా మేనకోడలు మారుమాట లేకుండా మొదటి గడిలో రాసేసింది. సరే, దాని ఇష్టం.

మిగతావన్నీ రెండో గడిలోకే. వాసన నచ్చలేదు, జిగురుగా ఉంది, చేప తలకు కళ్లున్నాయి లాంటి వంకలు చెల్లవు. తలకాయ పులుసు కోసం అన్నదమ్ములు పోట్లాడుకునే ఊరు మనది! రెండో గడిలోనిది తిని నచ్చకపోతే నిరభ్యంతరంగా కొట్టేయండి. తిన్నాక ‘నచ్చలేదు’ అంటే ఆ మాటకో విలువ ఉంటుంది.

రెండో పని: సాధన విశాఖలోనే

బయలుదేరే ముందు ఒక రోజు తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి. వేలం జరిగేచోట వంజరం, చందువా, పండుగప్ప బుట్టల దగ్గర ఆగకుండా ముందుకు నడవండి. మీకు పేరు కూడా తెలియని చేపలు ఉంటాయి. ఒకదాన్ని చూపించి, అమ్మే ఆమెను “దీన్ని మీ ఇంట్లో ఎలా వండుకుంటారమ్మా?” అని అడగండి. ‘ఇది బాగుంటుందా’ అని మాత్రం అడగవద్దు. అమ్ముకునేవాళ్లు బాగుండదని ఎందుకంటారు? ‘మీరు ఎలా తింటారు’ అంటే మనిషి మారిపోతుంది, బేరం పక్కనపెట్టి వంట చెబుతుంది. ఏ దేశంలో ఏ హోటలుకు వెళ్లినా నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన ప్రశ్న ఇదే. ఆ భాషలో ఈ ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్లండి.

శాకాహారులు ఇదే పని పూర్ణా మార్కెట్‌లో చేయవచ్చు. ఇంతవరకూ మీ సంచిలోకి రాని కూరగాయ ఒకటి కొని, వండి తినండి.

ఇంకో సాధన అరకులో. బొంగు చికెన్ మొదటిసారి తిన్నప్పుడు చాలామంది ‘మసాలా తక్కువ’ అంటారు. నూనె లేకుండా, వెదురు బొంగులో తన నీటిలో తానే మగ్గిన కోడికి వెదురు వాసనే మసాలా. అది పట్టుబడేదాకా నమలండి. అక్కడ పట్టుకోగలిగితే విమానం దిగాక సగం పని సులువవుతుంది.

మన వంటింట్లో ఉన్నవాటికి బయట చుట్టాలున్నారని కూడా గుర్తుంచుకోండి. ఎండునెత్తళ్లు వేపుడు తిన్నవారికి సింగపూర్‌లో నాసి లెమాక్ కొత్త కాదు. కొబ్బరిపాలతో వండిన అన్నం పక్కన కరకరలాడేవి ఎండునెత్తళ్లే, వాళ్లు వాటిని ఇకాన్ బిలిస్ అంటారు. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండురొయ్యలుంటాయి. తరవాణి వాసన తెలిసిన ముక్కుకు కొరియావాళ్లు కూరగాయలను ఊరబెట్టి చేసే కిమ్చీ పులుపు భయం పుట్టించదు. ఇథియోపియా వాళ్ల ఇంజెరా అయితే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసిన పెద్ద దోశ లాంటిది, పైగా చేత్తో తుంచుకునే తింటారు. యూరప్‌లో ఏ పెద్ద నగరానికి వెళ్లినా ఇథియోపియా హోటలు వెతకమని మా మేనకోడలికి చెప్పాను. ఫోర్కుతో విసిగిపోయిన రోజున చేతికి సెలవు దొరికినట్టు ఉంటుంది.

మూడో పని: కారప్పొడి డబ్బాను పై అరలో పెట్టడం

ఉప్పు, పులుపు, కారం మూడూ గట్టిగా తగిలితేనే మన నాలుక దాన్ని రుచి అంటుంది. ఏ ఒక్కటి తగ్గినా ‘చప్పిడి’ అనేస్తాం. ఆ ఒక్క మాటతో సగం ప్రపంచపు వంటను పథ్యం కింద జమకట్టాం.

నేనూ అలాగే కట్టాను. ఒసాకాలో మొదటి వారం ఆఫీసు క్యాంటీన్‌లో ఇచ్చిన పులుసు తాగి, వేడినీళ్లలో ఉప్పు వేశారనుకున్నాను. అది కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టి పొగపట్టిన చేప తురుముతోనూ కాచిన దాషీ. 1908లో టోక్యోలో కికునయే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సరిగ్గా ఆ కొంబు రసాన్నే పరీక్షించి, దాని రుచికి మూలం గ్లూటమేట్ అని తేల్చారు. ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టారు. వంకాయ కూరలో నాలుగు ఎండురొయ్యలు పడితే కూరకు ఒక నిండుదనం వస్తుంది కదా, దానికి ఇది దగ్గరి చుట్టం. మన దగ్గర దాని మీద కారం కూర్చుని ఉంటుంది కాబట్టి విడిగా కనబడదు.

అందుకని మొదటి నెల రోజులు బయట తినేటప్పుడు కారప్పొడి సంచిలో పెట్టుకోకండి. నేనేమీ కఠినమైన మనిషిని కాదు, ఆదివారం ఒకపూట ఇంట్లో వేడి అన్నం, ఆవకాయ, నెయ్యి ఉండాల్సిందే. కానీ జపాన్ నూడుల్స్ పులుసు రామెన్ గిన్నెలో కారప్పొడి చల్లితే మీరు తినేది రామెన్ కాదు, కారప్పొడి.

విమానం దిగిన మొదటి వారంలో మాత్రం రోజుకు ఒక్క కొత్త పదార్థమే తినండి. కడుపు పాడైతే ఏది పడలేదో తెలియాలి కదా.

నాలుగో పని: చోటు, తోడు

పదిమంది తెలుగువాళ్లు కలిసి బయలుదేరితే చివరికి తేలేది బిర్యానీ హోటల్లోనే. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. ఇద్దరు చాలు, అందులో ఒకరు ఆ ఊరివాళ్లయితే మేలు. మంచి హోటళ్లకు మధ్యాహ్నం పూట వెళ్లండి. అదే వంటవాడు, అదే పొయ్యి, రాత్రి ధర కంటే బాగా తక్కువ. మెనూ చిన్నదిగా ఉన్నచోటు మంచిది. ఇరవై పేజీల మెనూ ఉన్నచోట ఫ్రీజరు పెద్దదని అర్థం.

సింగపూర్‌లో అయితే హాకర్ సెంటర్‌తో మొదలుపెట్టండి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, ఒక్కో దుకాణంలో రెండు మూడు వంటలు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఖాళీ బల్ల మీద టిష్యూ కాగితాల పొట్లం కనిపిస్తే అది ఎవరో మరిచిపోయింది కాదు, మన బస్సు సీట్లో వేసిన తుండుగుడ్డ లాంటిది. అక్కడ కూర్చోకండి. తిన్న పళ్లెం మీరే తీసుకెళ్లి నిర్ణీత చోట పెట్టాలి, 2021 నుంచి అది చట్టం.

జపాన్‌లో భాష రాకపోయినా పరవాలేదు. చాలా హోటళ్ల ముందు అద్దాల బీరువాలో వంటల నమూనాలు ఉంటాయి. అచ్చు అసలు వంటలాగే ఉండే ప్లాస్టిక్ బొమ్మలు. కొన్నిచోట్ల తలుపు దగ్గర మిషనులో డబ్బు వేసి, మీట నొక్కి, వచ్చిన చీటీ ఇస్తే చాలు.

ఐదో పని: ‘తినను’ గడిని ఆ దేశపు భాషలో రాయించడం

ఇది శాకాహారులు తప్పకుండా చేయాల్సిన పని. ‘నేను శాకాహారిని’ అంటే సరిపోతుందనుకోకండి, ఆ మాటకు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం. జపాన్‌లో ఉడికించిన పాలకూర అడిగితే దాని మీద చేప తురుము చల్లి తెస్తారు. మాంసం లేదు కదా అని వాళ్ల ఉద్దేశం, అందులో మోసం ఏమీ లేదు. సోయా గింజలు పులియబెట్టిన ముద్దతో చేసే మీసో పులుసులో చేప కనబడదు, కానీ రసం చేపదే. కిమ్చీలో చాలాసార్లు ఊరబెట్టిన రొయ్యపొట్టు ఉంటుంది. థాయ్ కూరల్లో ఉప్పు బదులు చేప రసం పోస్తారు. ఇటలీ పార్మెజాన్ జున్నును దూడ పొట్టలోని పదార్థంతో విరగ్గొడతారు.

కాబట్టి చీటీ మీద ‘శాకాహారి’ అని మాత్రమే రాయకండి, వస్తువుల పేర్లు రాయండి: మాంసం, చేప, రొయ్య, వీటితో కాచిన రసం, గుడ్డు. ఏవి తింటారో కూడా రాయండి, వంటవాడికి ఒక దారి దొరుకుతుంది. ఫోనులో అనువాదం చేసిన చీటీని ఆ ఊరి స్నేహితులకు ఒకసారి చూపించి సరిచేయించుకోండి. ఐరోపా సమాఖ్య దేశాల్లో అయితే గోధుమ, వేరుశనగ, పాలు, గుడ్డు వంటి పద్నాలుగు రకాల పడనివాటి గురించి హోటలు వాళ్లు సమాచారం ఇచ్చితీరాలి, 2014 డిసెంబరు నుంచి ఆ నియమం ఉంది. అడగడానికి మొహమాటపడకండి. ఇష్టం లేని దాన్ని మాత్రం ‘ఎలర్జీ’ అని అబద్ధమాడకండి. ఆ మాట వినగానే వాళ్లు బల్లలు, కత్తులు, గిన్నెలు అన్నీ కడిగి మళ్లీ మొదలుపెడతారు.

ఈ చీటీ నా కోసం రాయించుకున్నది కాదు, అమ్మ కోసం. ఒక ఏడాది అమ్మ కార్తీక మాసంలో ఒసాకా వచ్చింది. మిగతా నెలల్లో వంజరం ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. నాలుగు రోజులు పండ్లు, పెరుగన్నంతో గడిపాక మా టీం పెద్దాయన చీటీ చదివి, “మీ అమ్మగారిని కోయాసాన్ తీసుకెళ్లండి” అన్నారు. ఒసాకా నంబా స్టేషన్‌లో రైలెక్కి, చివర్లో కేబుల్ కారులో కొండ ఎక్కాలి. పైన బౌద్ధ మఠాలు. అక్కడి భోజనాన్ని షోజిన్ ర్యోరి అంటారు. మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధం. రసం కొంబుతోనూ పుట్టగొడుగులతోనూ కాస్తారు.

నేల మీద చాపలు, ముందు ఎర్రటి చిన్న పీటలు, పీట మీద చిన్న చిన్న గిన్నెలు. నువ్వులు నూరి, దుంప పిండితో కలిపి గడ్డకట్టించిన ముద్దను అమ్మ పుల్లలతో (చాప్‌స్టిక్స్‌తో) అందుకోలేక చెంచా అడిగింది. నోట్లో వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు. “జున్నులా ఉందే, కానీ నువ్వుల వాసన” అంది. తరువాత గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫూ, రసం పీల్చుకుని మెత్తగా ఉంది, అదీ తిన్నది. కిటికీ బయట ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. ఆరేళ్లలో నేను ఎంతో ఖరీదైన చోట్ల తిన్నాను, వాటిలో సగం పేర్లు గుర్తులేవు. ఆ కొండమీది భోజనంలో ఏ గిన్నె ఎటుపక్కన ఉందో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

ఆరో పని: వడ్డించగానే ఆగడం

మన భోజనమంతా కలుపుకోవడంలోనే ఉంది. పప్పు కలిపి, పచ్చడి నంజుకుని, చారు పోసుకుని, పెరుగుతో ముగిస్తాం. ఆ అలవాటు మీద ఒసాకాలో మొదటిరోజు నేను సోయా సాస్‌ను పప్పుచారులా అన్నం మీద ధారగా పోసి కలిపాను. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఏమీ అనలేదు, తన గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. అక్కడ తెల్ల అన్నాన్ని తెల్లగానే తినాలి, కూర వేరు, అన్నం వేరు. అదే కొరియాలో అన్నం మీద కూరగాయలు పేర్చి ఇచ్చే బిబింబాప్ తెస్తే కలపకపోతే తప్పు. నియమం ఒక్కటే: పక్కవాళ్లు రెండు ముద్దలు తినేదాకా చూడండి.

పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకండి, జపాన్‌లో అది చనిపోయినవారికి పెట్టే పద్ధతి. పిండం గుర్తుకొచ్చే పని మనమూ పంక్తిలో చేయం కదా. ఒసాకాలో పుల్లకు గుచ్చి వేయించే కుషికాత్సు తినేటప్పుడు, అందరికీ కలిపి పెట్టిన సాస్‌లో కొరికిన పుల్లను మళ్లీ ముంచకూడదు. ఎంగిలి పట్టింపు ఉన్న మనకు ఇది చెప్పనక్కరలేదు. గ్లాసు ఖాళీ చేస్తే ఎవరో ఒకరు నింపుతూనే ఉంటారు, చాలనుకుంటే సగం ఉంచేయండి.

తకోయాకి సంగతి వేరే చెప్పాలి. ఒసాకాలోని దోతొంబోరి వీధిలో ఒక దుకాణం ముందు మన గుంత పునుగుల పెనం చూసి కళ్లనీళ్లు తిరిగాయి. అదే గుంతలు, అదే ఊచతో తిప్పడం. లోపల ఆక్టోపస్ ముక్క, పైన సాస్, వేడికి ప్రాణం ఉన్నట్టు కదిలే చేప తురుము. పుట్టింటి వస్తువు అనుకుని ఒకటి మొత్తంగా నోట్లో వేసుకున్నాను. పైకి గోరువెచ్చన, లోపల మరుగుతున్న పిండి! నాలుగు రోజులు నాలుకకు రుచి తెలియలేదు. ముందు పుల్లతో విరవండి, ఆవిరి పోనివ్వండి, తరువాత తినండి.

ఏడో పని: మూడు ముద్దలు

కొత్తదాన్ని ఒక్క ముద్దతో తేల్చకండి. మొదటి ముద్ద భయానికి పోతుంది, రెండోది వాసనకు. నాలుకకు అందేది మూడోదే. నత్తో మీద ఇది ప్రయోగించి చూశాను. ఉడికించిన సోయా గింజలను పులియబెడితే బెండకాయ జిగురు కంటే పొడవైన తీగలు సాగుతాయి, వానాకాలంలో ఆరని గోనెసంచి వాసన వస్తుంది. మొదటి ముద్ద మింగాను. రెండోది కూడా మింగాను. మూడోదానికి ఆవాల ముద్ద, సోయా సాస్ బాగా కలిపి వేడి అన్నంతో తింటే పరవాలేదనిపించింది. ఈ ఘనకార్యం మా టీం పెద్దాయనకు చెబితే, ఒసాకాలో పుట్టిన ఆయన గొంతు తగ్గించి, “నేను ముట్టుకోను” అన్నారు. ఆ వైపు చాలామందికి అది నచ్చదట. దేశం వాళ్లదైనంత మాత్రాన అన్నీ తింటారని లేదు.

నచ్చకపోతే ఇంకోచోట ఇంకోసారి తినండి. చల్లారిన పునుగులు తిన్నవాడు పునుగుల మీద తీర్పు చెబితే మనం ఊరుకుంటామా?

పచ్చి చేప విషయంలో మాత్రం ధైర్యం కంటే చోటు ముఖ్యం. పచ్చిగా తినే చేపను, పరాన్నజీవుల భయం లేకుండా, చాలావరకు ముందే గడ్డకట్టిస్తారు. ఐరోపా నియమం ప్రకారం సున్నాకు 20 డిగ్రీల కింద కనీసం 24 గంటలు. మంచి హోటల్లో తినండి, ఇంటికొచ్చాక హార్బరు చేప మీద ఆ ప్రయోగం చేయకండి.

బిల్లు

జపాన్‌లో టిప్పు ఇవ్వకండి, వెనక్కి తెచ్చి ఇస్తారు. అక్కడి ఇజకాయాల్లో, అంటే మందుతోపాటు చిరుతిళ్లు దొరికే చోట్ల, అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతారు, అది కూర్చున్నందుకు రుసుము, బిల్లులో కనిపిస్తుంది. అమెరికాలో బిల్లు మీద పదిహేను నుంచి ఇరవై శాతం వేసుకుని లెక్క చూసుకోండి. జర్మనీలో మంచినీళ్లకూ డబ్బు తీసుకుంటారు, ఇది విని మా వదిన సూట్‌కేసులో ఖాళీ సీసా పెట్టింది.

చివరి పని: ఎదురు వడ్డించడం

తిన్నవాటి పేర్లు, ఎవరితో తిన్నారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, ఫోటోలు దొరికినా పేర్లు దొరకవు. మీకు తినిపించినవాళ్లను ఇంటికి పిలిచి పెసరట్టు, అల్లం పచ్చడి పెట్టండి. కారం సగానికి తగ్గించండి, పూర్తిగా తీసేయవద్దు. వాళ్లూ ఒక మెట్టు ఎక్కాలి కదా.

ఈ వరస మా అమ్మ దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. పోయిన నెల మా గుంత పునుగుల పెనంలో దోశ పిండి పోసి, ఆక్టోపస్ బదులు ఒక్కో గుంతలో ఒక్కో రొయ్య వేశాను. అమ్మ మొదటిదాన్ని చెంచాతో విరిచి, ఆవిరి పోయేదాకా ఆగి, నోట్లో వేసుకుంది. రెండోదానికి ఆవకాయ అడిగింది.